నల్లమలలో రాత్రి బస: పాత ఫారెస్టు బంగళా, కొత్త జంగిల్ క్యాంపులు

కర్నూల్లో ఎవరినైనా "సెలవులు దొరికాయి, ఎక్కడికి పోదాం" అని అడిగితే శ్రీశైలం, మహానంది, అహోబిలం అంటారు. మూడూ నల్లమలలోనో, దాని అంచునో ఉన్నవే. అయినా మనం చేసేదేంటి? దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, చీకటి పడకముందే ఘాట్ దిగి ఇంటికొచ్చేస్తాం. అడవిని కారు అద్దంలోంచి చూసినవాళ్లమే గానీ అడవిలో ఒక రాత్రి పడుకున్నవాళ్లం మనలో చాలా తక్కువ.

ఇప్పుడు ఆ వీలుంది. అటవీ శాఖ జంగిల్ క్యాంపులు మన వైపు రెండున్నాయి. ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే రోడ్డు మీద బైర్లూటి, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే రోడ్డు మీద పచ్చర్ల. 2022 ఏప్రిల్ నుంచి రెండూ నంద్యాల జిల్లా లెక్కలోకి వెళ్లాయి గానీ, కర్నూలు వాళ్లం ఇంకా మావే అనుకుంటాం. మేం బైర్లూటి చూసుకుని, నంద్యాల మీదుగా పచ్చర్లకి పోయేట్టు ప్లాన్ వేసుకున్నాం. కార్లో మా అమ్మ, మా ఆవిడ, బావమరిది, వాడి పిల్లలు. బావమరిదికి ఏసీ లేనిదే నిద్ర పట్టదు, అమ్మకి ఏసీ పడదు, పిల్లలకి పులి కావాలి. ఇంతమందిని ఒకే చోటు మెప్పించడం కష్టమే.

కర్నూలు నుంచి ఆత్మకూరు 70 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నందికొట్కూరులో ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కానిచ్చాం. దారికి కొంచెం పక్కన రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం అది. ఆ పిట్టని చూశామనే వాళ్లు ఇప్పుడు దొరకడమే కష్టం. కృష్ణ జింకలు మాత్రం కనపడతాయి. చేలల్లో పడి మేస్తున్నాయని రైతులకి వాటితో తంటా. టైముంటే ఆగండి, లేకపోతే పోయిందేం లేదు.

ఆత్మకూరు దాటాక దాదాపు 15 కిలోమీటర్లలో బైర్లూటి. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి ప్లాస్టిక్ సంగతి అడుగుతారు, విసుక్కోకండి. ఆ గేటు దాటితే చెట్ల తీరే మారిపోతుంది. వేగి, నల్లమద్ది, చిరుమాను, మధ్యలో వెదురు పొదలు. ఎండాకాలం మొదలైతే ఆకు రాలి అడవంతా ఎముకల గూడులా ఉంటుంది, జంతువులు కనపడేది కూడా అప్పుడే. పచ్చదనం కావాలంటే వానలు వెనకబట్టాక రావాలి, కానీ అప్పుడు పది అడుగుల్లో దుప్పి నిలబడినా తెలీదు. రెండూ ఒకేసారి కావాలంటే ఏ అడవీ ఇవ్వదు.

క్యాంపుల సంగతికి వచ్చేముందు, సఫారీ జీపు కాసేపు ఆగిన ఒక పాత ఫారెస్టు బంగళా గురించి చెప్పాలి. ఈ టూరు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. అది ఎక్కడుందో రాయను. రాస్తే వచ్చే ఆదివారానికల్లా అక్కడ బిర్యానీ ప్యాకెట్లు తేలతాయి. దాంట్లో బస ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది.

నడుమెత్తు అరుగు మీద కట్టిన రెండు గదుల ఇల్లు. చుట్టూ వెడల్పాటి వరండా. గోడలు మూరకి పైగా మందం, రాయీ సున్నమూ. మెట్లకి మన నాపరాళ్లే పరిచారు, నడిచి నడిచి మధ్యలో గుంట పడింది. వంటిల్లు ఇంటికి దూరంగా విడిగా ఉంది, నిప్పు భయం, పొగ బాధ లేకుండా. గుర్రాలు కట్టడానికి రాతికి దిగ్గొట్టిన ఇనుప రింగు ఇంకా ఊడిపోలేదు. లోపలి గదిలో కప్పుకి కొక్కేలు, తలుపు పైన గోడలో అరచేయి పట్టేంత రంధ్రం. పిల్లలు అదేంటని అడిగారు. కొక్కేలకి గుడ్డ పంకా వేలాడేది, దాని తాడు ఆ రంధ్రంలోంచి వరండాలోకి వచ్చేది, అక్కడ కూర్చుని ఒక మనిషి రాత్రంతా లాగేవాడు. రంధ్రం అడుగున సున్నం అరిగి, తాడు మందాన ఒక గాడి పడింది. మా అమ్మ దాంట్లో వేలు పెట్టి చూసి, "లోపల దొరకి నిద్ర పట్టేది సరే, బయట వీడికి తెల్లారేదెట్లా నాయనా" అంది.

ఇలాంటి బంగళాలు ఎందుకొచ్చాయో కొంచెం వెనక్కి పోతే గానీ తెలీదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ని పట్టుకుని ఈస్టిండియా కుంఫిణీ వాళ్లు ఈ ప్రాంతాన్ని తీసుకున్నారు. కర్నూలు వైపు నల్లమల కూడా దాంతోపాటే వాళ్ల చేతికొచ్చింది. 1856లో మద్రాసు ప్రభుత్వం అడవులకంటూ ఒక శాఖ పెట్టి, క్లెగార్న్ అనే డాక్టరు దొరని కన్జర్వేటరుగా వేసింది. అప్పటికే ఓడలకి, రైలు పట్టాల కింద దిమ్మెలకి టేకు, వేగి లాంటి గట్టి కలప గిరాకీ ఆకాశానికి పోయింది. కొట్టేవాడు కొడుతూ పోతే మిగిలేదేం ఉండదని వాళ్లకీ అర్థమైంది. 1882లో మద్రాసు ఫారెస్టు చట్టం వచ్చింది. రిజర్వు ఫారెస్టు అనే గీత పడింది ఆ చట్టంతోనే. గీత లోపల కట్టె కొట్టాలన్నా, గొడ్లు మేపాలన్నా, తేనె తీయాలన్నా ఎవడో ఒక ఆఫీసరు సరేననాలి.

గీత గీశాక కాపలా ఉండాలి కదా. రోడ్లు లేవు. ఆఫీసరు గుర్రం మీద, సామాను ఎద్దుల బండి మీద, బండి పోని చోట మనుషుల నెత్తి మీద. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఎంత దూరం పోగలరో అంత దూరానికి ఒక బంగళా, పక్కనే నీళ్లు. బంగళా ఎక్కడ కట్టాలో ఆ రోజుల్లో నిర్ణయించింది దృశ్యం కాదు, బావి. ఇప్పటి రిసార్టు వాళ్లు వ్యూ చూసి స్థలం కొంటారు, నీళ్లు ట్యాంకర్లో తెప్పిస్తారు.

అయితే అడవిలో దారి తెలిసింది దొరకీ కాదు, రేంజరుకీ కాదు, చెంచులకి. శ్రీశైలం కాలినడక దారి చూడండి. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. రెడ్డిరాజుల కాలంలో మెట్లు కట్టించిన దారి. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ వేలల్లో ఈ దారినే నడిచిపోతారు. ఆ దారి వెంట యాత్రికులకి తోడు పోవడం చెంచులకి తాతల నాటి పని. రిజర్వు గీత పడ్డాక అదే చెంచు తన అడవిలో తనే పర్మిట్ అడగాల్సిన మనిషయ్యాడు, అదే చట్టం కింద దొర సామాను మోసే కూలీ కూడా అయ్యాడు. బంగళా అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ ముక్క వదిలేస్తే సగమే చెప్పినట్టు.

స్వాతంత్ర్యం వచ్చాక గుర్రం పోయి జీపు వచ్చింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లోకి తెచ్చారు. అప్పట్లో 3,568 చదరపు కిలోమీటర్లు, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకి అవతలి భాగం అమ్రాబాద్ అనే పేరుతో తెలంగాణకి పోయింది. మధ్యలో ఒక కాలం గడిచింది, అది మన వయసు వాళ్లకి గుర్తే. నక్సలైట్ల రోజుల్లో నల్లమలలో ఫారెస్టు యూనిఫాం వేసుకుని తిరగడమే ప్రాణం మీదికి తెచ్చుకోవడం. అడవిలోని సర్కారు కట్టడాలు కొన్ని పేలిపోయాయి, మిగిలినవి తాళం పడి పాడయ్యాయి. 2004 అక్టోబరులో చర్చల కోసం నాయకులు బయటికొచ్చింది కూడా ఈ నల్లమలలోంచే.

ఆ కాలం పోయాక అడవిలో కాపలాకి మళ్లీ ఇళ్లు కావాల్సి వచ్చాయి, కానీ బంగళాలు కట్టలేదు. బేస్ క్యాంపులు పెట్టారు. మేం చూసింది చాలా చిన్నది. రేకుల కప్పు, సోలార్ ప్లేటు, వైర్‌లెస్ సెట్టు, నీళ్ల డ్రమ్ము, గోడకి వేలాడుతున్న ఉల్లిగడ్డల సంచి. ఉండేది ఎక్కువగా చెంచు యువకులే, ప్రొటెక్షన్ వాచర్లు. పొద్దున నడక, కెమెరా ట్రాప్‌ల సంగతి, జంతువులు తాగడానికి కట్టిన సాసర్ పిట్లలో నీళ్లున్నాయా లేదా, ఉచ్చులేమైనా పడ్డాయా, ఎండాకాలంలో మంటలు. పాత బంగళాలో దొర రాత్రి ఉండి పొద్దున వెళ్లిపోయేవాడు. వీళ్లు వారాల తరబడి ఉంటారు, పంకా లాగేవాడు లేడు. 2018 పులుల లెక్కలో మన రాష్ట్రానికి 48 వస్తే 2022 లెక్కలో 63 వచ్చాయి. ఆ పెరుగుదలలో ఈ రేకుల షెడ్ల వాటా పెద్దదని నా నమ్మకం.

మా బావమరిది బంగళా చుట్టూ తిరిగి, "దీన్ని బాగు చేసి రెండు ఏసీలు తగిలిస్తే ఊటీ మర్చిపోతారు బావా" అన్నాడు. వాడన్నది వ్యాపారం లెక్కలో నిజమే. నాకు మాత్రం అది ఒప్పుదల కాలేదు. కారిన కప్పు వేసి, సున్నం కొట్టి, స్టాఫుకే ఇచ్చేయాలి. ఏసీ పెడితే జనరేటరు వస్తుంది, జనరేటరు వస్తే లైట్లు, లైట్లు వస్తే డీజే. అక్కడి నుంచి ఆపడం ఎవరి తరం కాదు.

ఇక బైర్లూటి క్యాంపు. రోడ్డుకి దగ్గరే, కానీ అడవి అంచున ఉన్నామని తెలుస్తుంది. కాటేజీలు, టెంట్లు ఉన్నాయి. పని చేసేవాళ్లు చుట్టుపక్కల గూడెం చెంచులు. గది, భోజనం, సఫారీ కలిపి ప్యాకేజీ. రేట్లు మారుతుంటాయి కాబట్టి రాయడం లేదు, బుక్ చేసేటప్పుడే ఏమేం కలిపారో చదువుకోండి. మా అమ్మకి నచ్చింది టెంటు బయట కుర్చీ. బావమరిది చెట్ల గాలికి ఏసీ అడగడం మర్చిపోయాడు, నేను గుర్తు చేయలేదు. స్టార్ హోటల్ సర్వీసు కోసం వచ్చేవాళ్లు రావొద్దు. టవల్ ఇంకోటి కావాలంటే కేక వేయాలి, వచ్చేదాకా ఆగాలి. అంతకన్నా ఇబ్బందేమీ లేదు.

భోజనం బాగుంది. జొన్నరొట్టె, ఎర్రకారం, పప్పు, నాటుకోడి. పొద్దున నన్నారి షర్బత్ ఇచ్చారు, బజారులో అమ్మే ఎర్ర నీళ్లకి దీనికి సంబంధమే లేదు.

సఫారీలో మాకు దొరికిన చెంచు గైడే ఈ ఖర్చు మొత్తానికి న్యాయం చేశాడు. పిల్లలు జీపెక్కగానే, "మామా, పులి కనపడ్తాదా?" అని అడిగారు. "అది మనల్ని చూస్తాది. మనకి కనపడేది దాని ఇష్టం" అన్నాడు. కొంచెం దూరం పోయాక జీపు ఆపించి దుమ్ములో అడుగు చూపించాడు. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మడమ, గోళ్ల గుర్తు లేదు. గోళ్లు పడితే కుక్క జాతి, పడకపోతే పిల్లి జాతి. ముద్ర చదరంగా ఉంటే మగది, కోలగా ఉంటే ఆడది. దాని అంచు మీద చీమలు అప్పుడే మట్టి తోడుతున్నాయి. "రాత్రిది. పొద్దునదైతే చీమలింకా పని పెట్టవు" అన్నాడు. ఆ తర్వాత నల్లమద్ది బెరడు మీద గీరిన గాట్లు, ఎలుగుగొడ్డు తవ్వి వదిలేసిన చెదపుట్ట, కణితి (సాంబర్) ఒకటి. పులి రాలేదు. పిల్లలు మొదట మొహం మాడ్చుకున్నారు గానీ, రాత్రి భోజనాల దగ్గర మొత్తం చీమల ముచ్చటే.

తేనె సంగతి కూడా ఆయనే చెప్పాడు. కొండచరియకి పట్టిన పెరతేనె తీయాలంటే తాడు కట్టుకుని దిగాలి. పైన తాడు పట్టుకునేది ఎప్పుడూ భార్య తమ్ముడో అన్నో. అన్నదమ్ముల్ని నమ్మరట. ఎందుకంటే తాడు వదిలితే తన అక్కచెల్లెలే కదా ముండమోసేది. నేను మా బావమరిది వైపు చూశాను. వాడు ఫోన్లో సిగ్నల్ వెతుక్కుంటున్నాడు.

అక్కడి నుంచి వెలుగోడు మీదుగా నంద్యాల వచ్చాం. పచ్చర్లలో ఆ రాత్రికి గదులు దొరక్క ఊళ్లో ఒక లాడ్జీలో దిగాం. పేరు అనవసరం. ఆన్‌లైన్ ఫోటోలో ఉన్న గది వేరు, తాళం ఇచ్చిన గది వేరు. దుప్పట్లు మార్చమంటే తిరగేసి పరిచారు. పొద్దున బిల్లులో వేడినీళ్లకి విడిగా డబ్బులు వేశారు, ఆ వేడినీళ్లు రాలేదని గొడవ పడితే తీసేశారు. నంద్యాలలో మంచి హోటళ్లు లేకపోలేదు, ఫోటోలు చూసి కాకుండా వెళ్లి గది చూసి డబ్బు కట్టండి.

పచ్చర్ల నంద్యాల నుంచి గంట లోపే. గిద్దలూరు ఘాట్ రోడ్డు పక్కనే ఉండటంతో చేరుకోవడం సులువు, లారీల చప్పుడు కూడా దాంతోపాటే వస్తుంది. నంద్యాల వాళ్లకి పొద్దున పోయి సాయంత్రం రావడానికి ఇది సరిపోతుంది. నల్లమలలో రాత్రి ఎలా ఉంటుందో వినాలనుకుంటే బైర్లూటికే నా ఓటు.

కానీ పచ్చర్ల వైపు అడవికి తనదంటూ ఒక కథ ఉంది, అది అనంతపురం వాళ్లకి నచ్చుతుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త అనంతపురం జిల్లా గుత్తి దగ్గర దొరికిన ఒక నీలం రంగు సాలీడుకి శాస్త్రీయ నామం పెట్టాడు. దొరికింది రైల్వే కలప యార్డులో. నెమలి కంఠం రంగు, అరచేయంత సైజు. ఆ తర్వాత వందేళ్లు అది ఎవరికీ కనపడలేదు. గుత్తి చుట్టుపక్కల వెతికితే అలాంటి సాలీడు బతికే అడవే లేదు. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య ఉన్న ఈ అడవిలో బయటపడింది. ఇక్కడ కొట్టిన కలప రైలెక్కి గుత్తికి పోయింది, చెట్టు తొర్రలో సాలీడు టికెట్ లేకుండా పోయింది! ప్రపంచం మొత్తంలో అది ఉన్నట్టు చాలాకాలం తెలిసింది ఇక్కడే. పేరు మాత్రం గుత్తిదే ఉండిపోయింది. పెంచుకునే పిచ్చి ఉన్నవాళ్ల కోసం విదేశాలకి దొంగతనంగా తరలిస్తున్నారు కూడా. దాన్ని అంతరించే జాతుల్లో అగ్రభాగాన పెట్టారు. అది ఉండేది ముసలి చెట్ల తొర్రల్లో, చెట్టు పోతే అదీ పోతుంది. పిల్లలు టార్చి వేసి వెతుకుదామన్నారు. స్టాఫు వద్దన్నారు, మంచి పని చేశారు.

పాత బంగళాలోనే పడుకోవాలని మనసు పడేవాళ్లకి ఒక మాట. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్‌కి పోండి. పేరు ఆ కొండ మీద వేసవి ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు హార్స్‌లీదే. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోదే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది. అక్కడ ఫారెస్టు బంగళా ఉంది, టూరిజం వాళ్ల కాటేజీలూ ఉన్నాయి, ఎత్తు వల్ల చల్లదనమూ ఉంది. అడవి జంతువుల కోసమైతే మాత్రం అటు పోనక్కర్లేదు. అది కొండ మీద విశ్రాంతి, ఇది అడవి. మా బావమరిది లాంటి వాళ్లకి హార్స్‌లీయే సరైనది.

తిరుగు దారిలో గాజులపల్లె దగ్గర మలుపు తీసుకుని మహానంది కోనేట్లో మునిగాం. ఆ నీళ్ల చల్లదనానికి పిల్లలు కేకలు పెట్టారు, అమ్మ మాత్రం మెట్ల మీద నుంచి కదల్లేదు.

వెళ్లాలనుకునే వాళ్లకి కొన్ని సంగతులు. వానాకాలంలో, మామూలుగా జూలై నుంచి సెప్టెంబరు దాకా, టూరిస్టుల్ని రానివ్వరు. నవంబరు నుంచి ఫిబ్రవరి హాయిగా ఉంటుంది, జంతువులు కావాలంటే మార్చి, ఏప్రిల్ ఎండని ఓర్చుకోవాలి. ఆత్మకూరు-దోర్నాల రోడ్డులో రాత్రి గేట్లు వేస్తారు, కాబట్టి వెలుతురుండగానే చేరండి. శివరాత్రి, ఉగాది ముందు వారం ఆ రోడ్డంతా భక్తులే, అప్పుడు అడవి చూద్దామనుకోవద్దు. ఫోన్ సిగ్నల్ నమ్ముకోకండి, చేతిలో కొంచెం నగదు ఉంచుకోండి. గదులు ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి, మధ్య వారం అయితే గైడు కూడా తీరిగ్గా తిప్పుతాడు.